పీఐక్యూ ఫారంలో వృత్తి గడి: ఉద్యోగం చేస్తూ ఆర్మీ ఆఫీసర్ కావాలనుకునేవాళ్లకు అపోహలు - వాస్తవాలు

సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు ఎస్ఎస్‌బీ. దానికి వెళ్లినవాళ్లతో పీఐక్యూ అనే సొంత వివరాల ఫారం నింపిస్తారు. పేరు, ఊరు, చదువు, ఆటలు గబగబా రాసేస్తాం. ప్రస్తుత వృత్తి, నెల ఆదాయం అనే గడి దగ్గరికి వచ్చేసరికి మన వైపు పిల్లల పెన్ను ఆగిపోతుంది. కృష్ణపట్నం పోర్టులో సూపర్‌వైజర్, చీమకుర్తి క్వారీలో ఇంజినీరు, రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్ అని రాస్తే ఏమనుకుంటారో అని టెన్షన్. నేను ఆర్మీలో షార్ట్ సర్వీస్ (కొన్నేళ్ల గడువున్న ఆఫీసర్ కొలువు) పూర్తిచేసి నెల్లూరు వచ్చాక ఆదివారాలు ఇలాంటి పిల్లలతోనే గడుపుతున్నాను. ఆఫీసర్ కాకముందు నేనూ రెండేళ్లు ఉద్యోగం చేశాను. అందుకే ఈ భయాల గురించి రాయాలనిపించింది.

అపోహ: డిగ్రీ కాగానే ఉద్యోగంలో చేరితే ఆర్మీ మీద మనసు లేదనుకుంటారు.

ఈ మాట నమ్మి కొందరు రెండేళ్లు గది తలుపులేసుకుని పుస్తకాలతోనే గడిపేస్తున్నారు. ఎస్ఎస్‌బీ చూసేది 15 గుణాలను. బాధ్యత, చొరవ, పదిమందిని కలుపుకుపోవడం, తొందరలో కూడా సరిగా తేల్చుకోవడం వాటిలోవే. సైకాలజీ పరీక్షలో 60 మాటలు చూపిస్తారు. ఒక్కో మాటకు తోచిన వాక్యం రాయడానికి 15 సెకన్లే టైము. ఆ వేగంలో కల్పించి రాయడం కుదరదు. బతుకులో ఏముంటే అదే కాగితం మీదికి వస్తుంది.

నా ఉద్యోగం విడవలూరు వైపు వనామి రొయ్యల గుంటల దగ్గర. ఒక రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. జనరేటర్ కొడితే స్టార్ట్ కాలేదు, బ్యాటరీ చచ్చిపోయి ఉంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎలాగూ తగ్గుతుంది, ఏరియేటర్లు తిరగకపోతే ఇక చెప్పక్కర్లేదు. టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు వారన పైకి తేలుతున్నాయి. నాతో ఉన్నది ఇద్దరు పనివాళ్లు. ఒకరిని పక్క గుంటల వాళ్ల దగ్గరికి పంపి ట్రాక్టర్ తెప్పించాం. దాని బ్యాటరీ విప్పి జనరేటర్‌కు తగిలించేసరికి ముప్పావు గంట పట్టింది. ఒక గుంటలో చాలా సరుకు పోయింది.

ఎస్ఎస్‌బీలో నన్ను ఇంటర్వ్యూ చేసిన అధికారి నా ఉద్యోగం గురించి అడుగుతూ ఈ రాత్రి దగ్గరే ఆగారు. బ్యాటరీ చూసుకోవాల్సింది ఎవరు అని అడిగారు. నేనే అన్నాను. తర్వాత ఏం మార్చారు అన్నారు. రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు జనరేటర్ వేసి, పుస్తకంలో టైము రాసి సంతకం పెట్టే పద్ధతి తెచ్చానని చెప్పాను. డిగ్రీ మార్కుల గురించి అంతసేపు అడగలేదు.

అపోహ: సాఫ్ట్‌వేరో బ్యాంకో అయితే చెప్పుకోవచ్చు, చిన్న ఉద్యోగం దాచేయాలి.

దాచవద్దు. జీతం పదిహేను వేలైతే పదిహేను వేలనే రాయండి. మీరు చేసే పని మీకు ఎంత లోతుగా తెలుసన్నదే అక్కడ లెక్క. క్వారీలో పనిచేస్తూ బ్లాకును ఎలా కోస్తారో చెప్పలేకపోతే ఇబ్బంది. మనసుపెట్టి చేసే ఉద్యోగమైతే ఏదైనా ఫరవాలేదు.

అపోహ: రెండు మూడేళ్లు జాబ్ చేసి తీరిగ్గా రాయొచ్చు. బీసీలకు, ఎస్సీలకు వయసు సడలింపు ఉంది కదా.

అన్నిటికంటే ఎక్కువ మంది నష్టపోతున్నది ఇక్కడే. సైన్యంలో ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్షలో కులాన్ని బట్టి వయసు సడలింపు లేదు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఫీజు మినహాయింపు మాత్రమే ఉంటుంది. డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీ ఐఎంఏకు 24, షార్ట్ సర్వీస్ ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే చెన్నై అకాడమీ ఓటీఏకు 25 ఏళ్ల దగ్గర తలుపు మూసుకుంటుంది. పైగా దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఓటీఏ గేటు దాటేదాకా ఏడాది పైనే పడుతుంది. కాబట్టి ఈ రోజు మీ వయసెంతో చూసుకుంటే సరిపోదు. నోటిఫికేషన్‌లో ఇచ్చిన పుట్టిన తేదీల హద్దులో మీరున్నారా లేదా చూసుకోండి. ఇంజినీర్లకు షార్ట్ సర్వీస్ టెక్నికల్, లా చదివినవాళ్లకు జాగ్ (ఆర్మీ న్యాయ విభాగం) ఎంట్రీలు 27 దాకా ఉన్నాయి. ఎయిర్‌ఫోర్స్ గ్రౌండ్ డ్యూటీకి ఏఎఫ్‌క్యాట్ అనే పరీక్ష 26 దాకా రాయొచ్చు. ఒంగోలు నుంచి వచ్చిన ఒక కుర్రాడు హద్దుకు మూడు వారాల తేడాతో అనర్హుడయ్యాడు. అతనికి ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

అపోహ: ప్రిపరేషన్ అంటే రాజీనామా చేయాల్సిందే.

అక్కర్లేదు. ఓటీఏకు మాత్రమే రాసేవాళ్లకు ఇంగ్లిష్, జీకే రెండే పేపర్లు, లెక్కలు ఉండవు. ఎస్ఎస్‌బీ ఐదు రోజులు. భోపాల్ పడితే జీటీ ఎక్స్‌ప్రెస్ ప్రయాణంతో కలిపి వారం పైన సెలవు దాచుకోవాలి. సచివాలయంలోనో మరో ప్రభుత్వ ఆఫీసులోనో ఉన్నవాళ్లు యూపీఎస్సీ పరీక్షకు దరఖాస్తు పెట్టిన సంగతి తమ ఆఫీసు హెడ్‌కు రాతపూర్వకంగా తెలపాలి.

ఎస్ఎస్‌బీలో రికమెండ్ అయ్యానని మర్నాడే రాజీనామా ఇచ్చేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఇంకా మెడికల్ ఉంటుంది, మెరిట్ లిస్టు ఉంటుంది. జాయినింగ్ లెటర్ చేతికొచ్చాకే నోటీసు ఇవ్వండి.

అపోహ: అనుభవం ఉంటే పై ర్యాంకు ఇస్తారు.

ఇవ్వరు. ఓటీఏలో 21 ఏళ్లవాడూ మీరూ ఒకే వరసలో పరిగెత్తాలి, ఇద్దరూ లెఫ్టినెంట్లుగానే బయటికొస్తారు. శిక్షణలో స్టైపెండ్ అందరికీ నెలకు 56,100 రూపాయలే.

అపోహ: పెళ్లయింది, ముప్పై దాటింది, ఇక యూనిఫాం కలే.

ఓటీఏకు వెళ్లే మగపిల్లలు పెళ్లి కానివాళ్లై ఉండాలన్నది నిజం. శిక్షణలో ఉండగా పెళ్లి చేసుకోవడానికీ లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఈ సంగతి నాయనకు, అమ్మకు ముందే చెప్పండి. అయితే టెరిటోరియల్ ఆర్మీ అని ఇంకో దారి ఉంది. దాంట్లో ఆఫీసర్ ఎంట్రీకి 18 నుంచి 42 ఏళ్ల డిగ్రీవాళ్లు అర్హులు, పెళ్లయినా ఇబ్బంది లేదు. సొంత సంపాదన ఉండటమే అక్కడ షరతు, అంటే మీ ఉద్యోగమే అర్హత. రాతపరీక్ష, ఎస్ఎస్‌బీ దానికీ ఉంటాయి. అది పూర్తికాలపు కొలువు కాదు. ఏటా కొంతకాలం శిక్షణకు వెళ్లాలి, అవసరం పడి పిలిస్తే బయల్దేరాలి. మిగతా రోజుల్లో మీ పని మీదే. 35 ఏళ్ల కావలి లెక్చరర్ ఒకాయన ఇప్పుడు దీనికోసమే కాలేజీకి వెళ్లేముందు రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతున్నారు.