రెండు డాలర్ల దగ్గర మొదలైన హోటల్ గొలుసు

హోటల్ గది బుక్ చేస్తుంటే యాప్ అడిగే ప్రశ్నల్లో పిల్లల వయసు ఒకటి. బిల్లు దాన్నిబట్టే మారుతుంది. చాలాచోట్ల చిన్నపిల్లలు అమ్మానాన్నల మంచం మీదే పడుకుంటే ఉచితం, విడిగా పరుపు వేయమంటే డబ్బు. పొద్దున టిఫిన్‌ది మళ్లీ వేరే లెక్క. పిల్లలకు గది అద్దె ఉండకూడదన్న పట్టుదలతోనే ఒక హోటల్ గొలుసు పుట్టింది. అది హాలిడే ఇన్, పెట్టినవాడు కెమన్స్ విల్సన్.

విల్సన్ 1913 జనవరి 5న అమెరికాలోని ఆర్కెన్సా రాష్ట్రం, ఓసియోలాలో పుట్టాడు. తొమ్మిది నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి రూబీ అతన్ని తీసుకుని మెంఫిస్ చేరింది. కుర్రతనంలోనే 50 డాలర్ల పాప్‌కార్న్ మిషన్‌ను అప్పు మీద కొని సినిమా హాలు దగ్గర పెట్టాడు. తర్వాత పిన్‌బాల్ ఆటల మిషన్లు, జూక్‌బాక్సులు, ఆపైన ఇళ్ల నిర్మాణం. హోటల్ ఆలోచన వచ్చేనాటికి గోడకూ పైపుకూ ఎంత ఖర్చవుతుందో తెలిసిన బిల్డర్ ఆయన. తర్వాతి కథంతా ఆ అనుభవం మీదే నడిచింది.

1951లో భార్య డొరతీతో, ఐదుగురు పిల్లలతో కారులో వాషింగ్టన్ బయల్దేరాడు. దారిలో మోటెల్ గది 6 డాలర్లు. పిల్లలు అదే గదిలో సర్దుకుంటామన్నా ఒక్కొక్కరికి 2 డాలర్లు అదనం. 6 డాలర్ల గది 16 అయింది. పైగా ఏ ఊళ్లో గది ఎలా ఉంటుందో లోపలికెళ్లి చూసేదాకా తెలియదు. ఆ ప్రయాణంలోనే విల్సన్ టేపు పట్టుకుని దిగిన ప్రతి గదినీ కొలిచాడు. బాత్రూమ్‌తో కలిపి 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉంటే ఒక కుటుంబానికి సరిపోతుందని తేల్చుకున్నాడు. ఇలాంటి గదులతో 400 హోటళ్లు కడతానంటే భార్య నవ్వేసిందట.

మొదటిది 1952 ఆగస్టులో మెంఫిస్‌లోని సమ్మర్ ఎవెన్యూలో తెరుచుకుంది. 120 గదులు. ఒక్కరికైతే 4 డాలర్లు, ఇద్దరికి 6. ప్లాను గీసిన ఎడ్డీ బ్లూస్టీన్ 1942లో వచ్చిన ‘హాలిడే ఇన్’ అనే సినిమా పేరును కాగితం మీద సరదాగా రాస్తే, అదే హోటల్ పేరుగా ఉండిపోయింది. ఏసీ, ఫోను, ఈత కొలను, ఉచితంగా ఐసు, కారు పెట్టుకునే చోటు, తల్లిదండ్రుల గదిలో పిల్లలకు అద్దె లేకపోవడం: ఇవన్నీ ఆ ధరలోనే. రెండేళ్లు తిరక్కుండానే మెంఫిస్‌లోకి వచ్చే ప్రధాన రోడ్ల మీద మరో మూడు లేచాయి.

తర్వాత వాలెస్ జాన్సన్ అనే మరో బిల్డర్‌తో కలిసి ఫ్రాంచైజీ మొదలుపెట్టాడు. మొదట్లో చేరడానికి 500 డాలర్లు, ఆపైన గదికి రాత్రికి 5 సెంట్లు. 120 గదుల హోటల్ పూర్తిగా నిండినా రాత్రికి 6 డాలర్లే, అంటే ఒక్క డబుల్ రూమ్ అద్దె. అంత చవకైనా మొదట పిలిచిన బిల్డర్లలో చాలామంది ముందుకు రాలేదు. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చాక గాలి మారింది. 1968 నాటికి హోటళ్లు వెయ్యికి చేరాయి.

కుటుంబాల కోసమని కట్టిన ఈ హోటళ్లలో చాలాచోట్ల నల్లజాతి కుటుంబాలకు చోటు లేదన్న సంగతి దాటవేయకూడదు. 1963 అక్టోబరులో నల్లజాతి గాయకుడు శామ్ కుక్ ముందే ఫోన్ చేసి గది చెప్పుకుని లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ హాలిడే ఇన్‌కు వస్తే గది ఇవ్వలేదు. నిరసన తెలిపినందుకు పోలీసులు ఆయన్నే అరెస్టు చేశారు. 1964 పౌరహక్కుల చట్టం ఇలా తిప్పి పంపడాన్ని చట్టవిరుద్ధం చేసింది. 2019లో ఆ నగర మేయర్ క్షమాపణ చెప్పాడు.

1965లో ఐబీఎం కంప్యూటర్లతో వచ్చిన హోలిడెక్స్ అనే గదుల బుకింగ్ వ్యవస్థ ఇంకో మలుపు. ఈ ఊళ్లో కౌంటర్ దగ్గర నిలబడే రేపటి ఊళ్లో గది ఖాయం చేసుకోవచ్చు. ఫ్రాంచైజీదారుకు పేరు కంటే ఈ బుకింగులే పెద్ద ఆసరా అయ్యాయి.

గొలుసు బలహీనత కూడా ఆ సదుపాయాల్లోనే ఉంది. రెస్టారెంట్ నడపాలంటే గదులు ఖాళీగా ఉన్న రోజు కూడా వంటవాడి జీతం ఆగదు, కొలను శుభ్రం చేయక తప్పదు. ఆ ఖర్చు అద్దెలో కలిసి ధర పెరుగుతూ పోయింది. ఆ ధరకు కిందనున్న ఖాళీలోకి 1962లో కాలిఫోర్నియా నుంచి మోటెల్ 6 వచ్చింది. పేరులోని అంకె అప్పటి రాత్రి అద్దె, డాలర్లలో. 1970లో జార్జియాలో సెసిల్ డే 8 డాలర్లకే డేస్ ఇన్ తెరిచాడు. 1973లో పెట్రోలు కరువొచ్చి రోడ్డు ప్రయాణాలే తగ్గిపోయాయి. ఊరి బయటి నుంచే కనిపించే హాలిడే ఇన్ పెద్ద బోర్డు తయారీకీ కరెంటుకీ అయ్యే ఖర్చు భరించలేక 1982లో దానికీ సెలవిచ్చారు.

అప్పటికే, గుండెపోటు తర్వాత, విల్సన్ 1979లో తప్పుకున్నాడు. 1990 నాటికి కంపెనీ బ్రిటన్‌కు చెందిన బాస్ అనే బీరు కంపెనీ చేతికి వెళ్లింది. మరుసటి ఏడాది వచ్చిన హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్ రెస్టారెంట్ తీసేసి పొద్దున టిఫిన్ ఒక్కటే ఉంచింది. ఖర్చు ఎక్కడ పేరుకుందో అక్కడే కోసిన పని అది. విల్సన్ 2003 ఫిబ్రవరి 12న, తొంభయ్యో ఏట మెంఫిస్‌లో కన్నుమూశాడు.

ఇలాంటి గొలుసుల్లో భవనం సాధారణంగా ఒకరిది, బోర్డు ఇంకొకరిది. అందుకే బుక్ చేసేముందు ఆ హోటల్‌కే ఫోన్ చేసి మూడు సంగతులు అడగాలి: ఎన్నేళ్ల వరకు పిల్లలకు అద్దె లేదు, అదనపు పరుపుకు ఎంత, టిఫిన్ ఎంతమందికి కలిసి ఉంది.