సైనిక వైద్యుడి సేవ, యుద్ధ ప్రచారం: అపోహలు - వాస్తవాలు

సైనిక వైద్యంలో ఉన్నవాళ్లం తరచూ వినే మాటలివి. వీటిలో మొదటిదే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

అపోహ: ప్రచారానికి వాడుకున్నారంటే ఆ సేవ బూటకమే.

వాస్తవం: కాదు. అమెరికా నౌకాదళ వైద్యుడు టామ్ డూలీనే తీసుకోండి. 1954లో వియత్నాం రెండుగా చీలాక ఉత్తరం నుంచి లక్షల మంది దక్షిణానికి తరలిపోయారు. ఓడ ఎక్కడానికి హైఫాంగ్ చేరిన శరణార్థులకు శిబిరాల్లో ఆయన వైద్యం చేశారు. ఆ రోగులు నిజం, ఆయన పడ్డ శ్రమా నిజం. కానీ 1956లో అచ్చయిన పుస్తకంలో కమ్యూనిస్టుల చిత్రహింసల గురించి ఆయన రాసిన సంగతులు వేరు. అవి అవాస్తవాలు, అతిశయోక్తులు అని అక్కడ పనిచేసిన అమెరికా అధికారులే నివేదిక ఇచ్చారు. అది ఏళ్ల తరబడి రహస్యంగా ఉండిపోయింది. పుస్తకం మాత్రం విపరీతంగా అమ్ముడుపోయింది. గాయాలకు కట్టు కట్టిన చెయ్యి రాసింది కాబట్టి పాఠకులు సాక్ష్యం అడగలేదు. సేవ నిజమైనదైతేనే ప్రచారానికి అంత బలం వస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది.

అపోహ: ఒక్కరోజు మెడికల్ క్యాంప్ పెట్టినా మేలే కదా!

వాస్తవం: కొందరికి మేలే. వియత్నాంలో అమెరికా సైన్యం 1963 నుంచి మెడ్‌క్యాప్ పేరుతో ఊళ్లలో వైద్యం చేసింది. జనాన్ని దక్షిణ వియత్నాం ప్రభుత్వం వైపు తిప్పుకోవడం కూడా దాని ఉద్దేశమే. క్షయకు నెలల తరబడి మందులు వాడాలి, ఒక పూట మాత్రలతో తగ్గదు. ఎంతమందిని చూశామో రాయడం తేలిక. ఎంతమందికి నయమైందో రాయాలంటే మళ్లీ ఆ ఊరికి వెళ్లాలి.

అపోహ: శత్రు సైనికుడికి వైద్యం చేయడం మా దయ.

వాస్తవం: విధి. ఎవరికి ముందు చికిత్స చేయాలో వైద్య అవసరమే నిర్ణయించాలని 1949 నాటి మొదటి జెనీవా కన్వెన్షన్ (యుద్ధంలో పాటించాల్సిన నియమాల అంతర్జాతీయ ఒప్పందం) 12వ అధికరణం చెబుతోంది. యుద్ధఖైదీలను జనం ముందు వింతగా నిలబెట్టకూడదని మూడో కన్వెన్షన్ 13వ అధికరణం అంటోంది. అందుకే ఖైదీకి వైద్యం చేస్తుండగా ప్రచారం కోసం ఫొటో తీస్తామంటే నేను ఒప్పుకోను.

అపోహ: రెడ్‌క్రాస్ గుర్తు ఉంటే చాలు, రక్షణ ఉన్నట్టే.

వాస్తవం: ఆ ముసుగులో శత్రువుకు హాని చేస్తే వైద్య బృందానికి రక్షణ పోతుంది. అనుమానం ఒకసారి పుడితే టీకా వేసే మనిషికి కూడా ఎవరూ తలుపు తీయరు. 2011లో పాకిస్తాన్‌లోని అబొట్టాబాద్‌లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ గూఢచర్యానికి టీకాల కార్యక్రమాన్ని అడ్డుపెట్టుకుంది. సీఐఏ ఇకపై అలా చేయదని 2014లో వైట్‌హౌస్ చెప్పాల్సి వచ్చింది.