జిరోనా, కోస్తా బ్రావా గైడ్ లేకుండా తిరగడం: అపోహలు - వాస్తవాలు

గైడ్ లేకుండా సొంతంగా తిరగాలనుకునేవాళ్ళకి రూట్ నోట్స్ తయారుచేసి ఇవ్వడం నా పని. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగి ఏం చూడాలి, ఏ బస్సు ఎక్కాలి, ఇవన్నీ రాసి ఇస్తాను. ఆ తర్వాత తిరగడం వాళ్ళిష్టం. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో జర్మనీ, నెదర్లాండ్స్, ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ళు చాలామంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళని తీసుకుని బార్సిలోనా వైపు బయల్దేరతారు. స్పెయిన్‌లోని కాటలోనియాలో బార్సిలోనాకి ఈశాన్యంగా దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న జిరోనా గురించి, దాని పక్కనున్న కోస్తా బ్రావా తీరం గురించి వాళ్ళ నోట మళ్ళీ మళ్ళీ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: జిరోనా ఒక పూటలో చూసేసి వచ్చే ఊరు

రైలు వల్ల పుట్టిన అభిప్రాయం ఇది. 2013లో హైస్పీడ్ లైన్ వచ్చాక బార్సిలోనా సాన్ట్స్ స్టేషన్ నుంచి 40 నిమిషాల్లోపే దిగిపోవచ్చు, అందుకని అందరూ పదిన్నరకి దిగి నాలుగింటికి తిరుగు రైలెక్కుతారు. అంటే ఊరు బాగా కిక్కిరిసి ఉండే గంటలు ఏవో సరిగ్గా ఆ గంటల్లోనే చూస్తారు. ఒక్క రాత్రి ఉండండి. పొద్దున్నే టిఫిన్‌కి ముందు దక్షిణం వైపు నుంచి, కతలున్యా చౌక్ దగ్గర కోటగోడ ఎక్కి ఉత్తరంగా నడిస్తే దిగేటప్పటికి కేథడ్రల్ వెనక తేలతారు. టికెట్ లేదు, ఒక పక్క పాత ఊరి పెంకుల కప్పులు, ఆకాశం బాగుంటే దూరంగా పిరనీస్ కొండలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే గోడ, కేథడ్రల్ ముందరి మెట్లు (తొంభై దాకా ఉంటాయి) రెండూ ఒకే పూట పెట్టకండి.

అపోహ: గైడ్ చెప్పకపోతే ఈ రాళ్ళలో ఏమీ అర్థం కాదు

మంచి గైడ్ దొరికితే సంతోషమే, నేను వద్దనను. కానీ ఏం చూడాలో ముందే తెలిస్తే జిరోనాలో చరిత్ర కళ్ళకి కనబడుతుంది. పాత ఊళ్ళో కరేర్ దె లా ఫోర్సా అనే సన్నటి వీధి ఉంది. రోమన్ల వియా అగస్టా రహదారి ఇక్కడినుంచే వెళ్ళింది, రెండువేల ఏళ్ళుగా జనం అదే దారిలో నడుస్తున్నారు. దాని పక్క సందులే ఎల్ కాల్, యూదుల వాడ. 1492లో యూదుల్ని స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టేదాకా ఇక్కడ పెద్ద పండితులుండేవాళ్ళు, వాళ్ళలో నహ్మనిడీస్ 1194లో ఈ ఊళ్ళోనే పుట్టాడు, 1263లో బార్సిలోనాలో రాజు ఎదుట క్రైస్తవ పండితులతో జరిగిన పెద్ద వాదంలో యూదుల తరఫున నిలబడింది ఆయనే. ఈ వాడలోని యూదు చరిత్ర మ్యూజియం చూశాకే సందుల్లో తిరగమని రాస్తాను, ముందు తిరిగితే అవి ఫొటోలకి బాగున్న గోడలుగా మాత్రమే మిగిలిపోతాయి.

ఇక కేథడ్రల్. చాలామంది మెట్ల మీద ఫొటో దిగి, ఇక్కడే కదా గేమ్ ఆఫ్ థ్రోన్స్ టీవీ సీరీస్ షూటింగ్ జరిగింది అనుకుని లోపలికి వెళ్ళకుండా వెనక్కి తిరుగుతారు. నాకు బాధనిపించేది అక్కడే. లోపల గోతిక్ (మధ్యయుగపు కోసు కమానుల కట్టడ పద్ధతి) హాలు వెడల్పు దాదాపు 23 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు, ప్రపంచంలో ఉన్న గోతిక్ హాళ్ళలో ఇంత వెడల్పైనది మరొకటి లేదు. మొదట మూడు భాగాలుగా, స్తంభాలతో కట్టడం మొదలుపెట్టారు. తర్వాత ఒకే హాలుగా కడదామన్న ఆలోచన వచ్చింది, అంత వెడల్పు కప్పు నిలుస్తుందా అన్న అనుమానమూ వచ్చింది. 1416లో పేరున్న కట్టడపు మేస్త్రీలని పిలిపించి ఒక్కొక్కరి అభిప్రాయం అడిగారు, చివరికి ఒకే హాలు అని తేల్చారు. పీఠం వైపు తిరిగి నిలబడండి, ఆ చివర స్తంభాలతో మూడు భాగాలు, మీరున్న చోట ఒకటే హాలు. ప్లాన్ మారిన చోటు గోడ మీద స్పష్టంగా కనబడుతుంది. అక్కడ ఐదు నిమిషాలు నిలబడితే చాలు, ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కనే మ్యూజియంలో సృష్టి కథని ఊలు దారాలతో కుట్టిన పెద్ద వస్త్రం ఉంది, దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ నాటిది, అది వదలకండి.

అపోహ: అరబ్ స్నానశాలలు అరబ్బులు కట్టినవి

పేరు చూసి అందరూ అలాగే అనుకుంటారు. జిరోనా ముస్లిం పాలనలో ఉన్నది కొద్ది దశాబ్దాలే, 785లో ఫ్రాంకులనే ఉత్తరపు క్రైస్తవుల చేతికి వచ్చేసింది. ఈ స్నానశాలలు 1194 నాటివి, క్రైస్తవ పాలనలో, గోతిక్‌కి ముందు నాటి రోమనెస్క్ పద్ధతిలో కట్టినవి, వేడినీళ్ళ గది, గోరువెచ్చని గది, చన్నీళ్ళ గది అనే ఏర్పాటు మాత్రం ముస్లింల హమామ్‌ల నుంచి తీసుకున్నారు. ఎనిమిది సన్నటి స్తంభాల మధ్య పైనుంచి వెలుగు పడే చిన్న కొలను, అరగంట చాలు.

అపోహ: నది ఒడ్డు రంగుల ఇళ్ళు వందల ఏళ్ళుగా ఇలాగే ఉన్నాయి

ఇళ్ళు పాతవే, రంగులు మాత్రం 1980లలో ఒక పద్ధతి ప్రకారం ఎంచి వేసినవి. ఫొటోకి ఎర్రటి ఇనప వంతెన మీద నిలబడండి, 1877లో ఐఫెల్ కంపెనీ కట్టింది, ప్యారిస్ టవర్ కంటే ముందు.

అపోహ: రైలెక్కితే తీరం వెంబడి తీసుకెళ్తుంది

ప్లాన్లు ఎక్కువగా తలకిందులయ్యేది ఇక్కడే. కోస్తా బ్రావా దక్షిణాన బ్లానెస్ నుంచి ఉత్తరాన ఫ్రాన్స్ సరిహద్దులోని పోర్ట్‌బౌ దాకా ఉంటుంది. రైలు తాకేది ఆ రెండు చివరలే: దక్షిణాన బ్లానెస్, ఉత్తరాన ల్యాన్సా, పోర్ట్‌బౌ వైపు. నడుమ ఉన్న అందమైన ఊళ్ళన్నిటికీ రైలు లేదు, లైను లోపలి నుంచి జిరోనా, ఫిగేరస్ మీదుగా వెళ్ళిపోతుంది. అలాగని కారు తప్పనిసరి కూడా కాదు. జిరోనా రైల్వేస్టేషన్ పక్కనే బస్‌స్టేషన్, అక్కడినుంచి పలఫ్రుజెల్‌కి బస్సులో సుమారు గంట, అక్కడ మారితే సముద్రం ఒడ్డు. వేసవి దాటితే బస్సులు బాగా తగ్గుతాయి, ఆదివారం ఇంకా తక్కువ, కాబట్టి వెళ్ళే బస్సు కంటే ముందుగా తిరుగు బస్సు టైమ్ చూసుకోండి. ఆగస్టులో కారుంటేనే టెన్షన్ ఎక్కువ, చిన్న ఊళ్ళలో పార్కింగ్ దొరకదు.

అపోహ: ఒక్క రోజులో తీరం మొత్తం కవర్ చేయొచ్చు

తోస్సా, బెగూర్, కదకేస్, మధ్యలో ఫిగేరస్‌లో చిత్రకారుడు దాలీ మ్యూజియం కూడా ఒకే రోజు పెట్టుకుని లిస్టు పంపేవాళ్ళున్నారు. ఆ రోజంతా మలుపుల రోడ్ల మీదే గడుస్తుంది. నా సలహా ఒక్కటే, ఒక చిన్న ముక్క ఎంచుకుని నడవండి. కమీ దె రోండా అని తీరం అంచున కాలిబాట ఉంది, ఒకప్పుడు దొంగ సరుకు దింపేవాళ్ళని పట్టుకోవడానికి గస్తీ తిరిగిన దారి. కలేయా దె పలఫ్రుజెల్ నుంచి ల్యాఫ్రాంక్ దాకా అరగంట నడక, పిల్లలు, పెద్దవాళ్ళు కూడా నడవగలరు. ఓపికుంటే అక్కడినుంచి సంత్ సెబాస్టియా లైట్‌హౌస్ ఎక్కి, గులకరాళ్ళ కాలా పెద్రోసా మీదుగా తమరియు దాకా వెళ్ళొచ్చు, రెండు గంటలు అనుకోండి, మధ్యలో ఎత్తుపల్లాలు ఉన్నాయి, చెప్పులు పనికిరావు. ఎరుపు తెలుపు గీతల గుర్తులు వెతుక్కుంటూ పోతే దారి తప్పదు. తుఫానుల తర్వాత కొన్ని చోట్ల బాట మూసేస్తారు, బోర్డు ఉంటే దాటకండి. నడక వద్దు, చరిత్ర కావాలి అంటే ఎంపూరీస్‌కి వెళ్ళండి. క్రీ.పూ. 6వ శతాబ్దంలో గ్రీకులు స్థిరపడిన ఊరు, క్రీ.పూ. 218లో రోమన్ సైన్యం దిగిన చోటు, గ్రీకుల కాలపు రేవు గోడ ఇప్పటికీ ఇసకలో నిలబడి ఉంది.

అపోహ: జులై, ఆగస్టు తప్ప వేరే నెలలు పనికిరావు

నేనైతే సెప్టెంబరు అంటాను. సముద్రం వెచ్చగానే ఉంటుంది, జనం తగ్గుతారు. మే నెలలో జిరోనాలో పూల పండగ జరుగుతుంది, ఇళ్ళ లోపలి వాకిళ్ళు కూడా తెరిచి పెడతారు, చాలా బాగుంటుంది, గదులు మాత్రం నెలల ముందే నిండిపోతాయి, నీళ్ళు కూడా ఈతకి ఇంకా చల్లగానే ఉంటాయి. ఉత్తర భాగంలో, కదకేస్ వైపు, త్రమున్తానా అనే ఉత్తరపు గాలి ఉంది. ఎండ కాస్తూనే మనిషిని నిలబడనివ్వదు. ఆ రోజు కొండ అంచుల నడక మానేసి ఫిగేరస్‌లో గడపండి.

అపోహ: శాకాహారులు పస్తులుండాలి

ఉండక్కర్లేదు, అడిగే పద్ధతి తెలియాలి. మాంసం వద్దంటే చేపలు, హామ్ వేసి తెచ్చే అవకాశం ఉంది, అందుకని మాంసం, చేప, హామ్ మూడూ విడివిడిగా వద్దని అక్కడి కాటలాన్ భాషలో చెప్పండి: సెన్సె కార్న్, సెన్సె పేష్, సెన్సె పెర్నిల్. టమాటా రుద్దిన రొట్టె పా అంబ్ తుమాకెట్, కాల్చిన వంకాయ, క్యాప్సికంతో చేసే ఎస్కలివాడా మనకి నచ్చుతాయి, రెండోదాని మీద చిన్న ఉప్పు చేపలు పెడుతుంటారు, ముందే చెప్పాలి. మధ్యాహ్న భోజనం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా, రాత్రి ఎనిమిది దాటాకే. పిల్లలుంటే ఆరింటికే ఆకలేస్తుంది కాబట్టి సాయంత్రం బేకరీలో ఏదైనా కొనిపెట్టుకోండి. జిరోనాలో ఆదివారం సూపర్ మార్కెట్లు చాలావరకు మూసే ఉంటాయి, శనివారమే పాలు, పళ్ళు తెచ్చుకోండి.