పిల్లలకు కొవిడ్ టీకా: అమ్మానాన్నల వాదనల్లో వినిపించే అపోహలు - వాస్తవాలు

పిల్లల డాక్టరుగా రోజూ ఏదో ఒక టీకా గురించి మాట్లాడుతూనే ఉంటాను. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అమ్మానాన్నలు నా ఎదుటే వాదించుకున్నది మాత్రం ఎక్కువగా కొవిడ్ టీకా విషయంలోనే. ఒకరు "ఇప్పుడే వేసేయండి" అంటారు, ఇంకొకరు "వద్దంటే వద్దు" అంటారు. ఇద్దరూ ఫోన్లు తీసి రుజువులు చూపిస్తారు. కాస్త ఓపిగ్గా వింటే తెలిసేదేమిటంటే, ఒకరి ప్రశ్న "ప్రమాదమా?" అని, రెండోవారిది "అవసరమా?" అని. వీటిని విడివిడిగా మాట్లాడుకుంటే గొంతులు వాటంతటవే తగ్గుతాయి.

అపోహ: వద్దనేవాళ్లంతా టీకాలకు వ్యతిరేకులే.

ఈ ముద్ర పడ్డాక అవతలి మనిషి ఇక ఏమీ వినరు. పైగా అది నిజం కూడా కాదు. 2021 సెప్టెంబరు 3న బ్రిటన్ టీకాల సలహా కమిటీ, 12-15 ఏళ్ల ఆరోగ్యవంతులైన పిల్లలకు లాభం నష్టం కంటే కొద్దిగా ఎక్కువే ఉన్నా, అందరికీ వేయమని చెప్పడానికి ఆ తేడా చాలదంది. పది రోజుల తర్వాత అక్కడి ముఖ్య వైద్యాధికారులు, బడి పోతున్న సంగతి కూడా లెక్కలోకి తీసుకుని ఒక డోసు వేయమన్నారు. అమెరికా 2021 నవంబరులో 5-11 ఏళ్ల పిల్లలందరికీ సిఫారసు చేసింది. స్వీడన్ 2022 జనవరిలో అదే వయసువాళ్లలో ఆరోగ్యంగా ఉన్నవారికి సిఫారసు చేయనంది. చేతిలో ఉన్న సమాచారం దాదాపు ఒకటే అయినా దేశానికొక నిర్ణయం వచ్చింది. 2023 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆరోగ్యంగా ఉన్న పిల్లలను తక్కువ ప్రాధాన్యం జాబితాలో పెట్టారు. కాబట్టి "మా వాడికి నిజంగా అవసరమా డాక్టర్?" అని అడిగే తండ్రిని నేను మూర్ఖుడిగా చూడలేను. ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

అపోహ: పిల్లలకు కొవిడ్ అంటే మామూలు జలుబే.

చాలామందికి అంతే, ఒప్పుకుంటాను. కానీ వచ్చి తగ్గిపోయిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత కొందరిలో ఒంట్లోని పలు అవయవాలకు ఒకేసారి వాపు వచ్చే తీవ్రమైన జబ్బు మొదలైంది. దాన్నే మిస్-సి అంటాం. విడవని జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, ఒంటిమీద దద్దుర్లు, కడుపునొప్పి, ఆపైన గుండె మీద ప్రభావం. అంతకుముందు ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా ఇది కనిపించింది. ఒమిక్రాన్ తర్వాత బాగా అరుదైంది. ఇప్పటికీ నాకు ఎక్కువ భయం ఉండేది రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న పిల్లలు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, నెలల పసికందుల గురించే. ఇలాంటి బిడ్డ ఇంట్లో ఉంటే "అవసరమా?" అన్న ప్రశ్నకు జవాబు పూర్తిగా మారిపోతుంది.

అపోహ: టీకాతో గుండె పాడవుతుంది. దీనికి జోడీ అపోహ: గుండె సమస్యంతా వాట్సాప్ పుకారే.

రెండూ తప్పే. ఎక్కువమంది తల్లిదండ్రులు తెగని పేచీ పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఎంఆర్ఎన్ఏ టీకాల (వైరస్‌లోని ఒక ప్రొటీన్‌ను తయారుచేసే సూచనను మన కణాలకు ఇచ్చేవి; ఫైజర్ టీకా ఈ రకమే) తర్వాత గుండె కండరానికి వాపు, అంటే మయోకార్డైటిస్, అరుదుగా రావడం నిజం. టీనేజీ అబ్బాయిల్లో, రెండో డోసు తర్వాత, సాధారణంగా వారంలోపే ఎక్కువగా కనిపించింది. అమెరికాలో నమోదైన లెక్కల ప్రకారం 16-17 ఏళ్ల అబ్బాయిల్లో పది లక్షల రెండో డోసులకు సుమారు 106 కేసులు, 12-15 ఏళ్లవారిలో సుమారు 71. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లల్లో ఇంకా తక్కువ. ఫైజర్ డోసు పెద్దలకు 30 మైక్రోగ్రాములైతే ఈ వయసువారికి 10 మాత్రమే. చాలామంది ఆసుపత్రిలో కొద్ది రోజులుండి కోలుకున్నారు. రెండు డోసుల మధ్య ఎనిమిది వారాల దాకా ఎడం ఉంచితే ముప్పు తగ్గుతుందని తేలాక, యువకుల విషయంలో ఆ సలహా కూడా వచ్చింది. అన్నట్టు, కొవిడ్ సోకినా మయోకార్డైటిస్ రావచ్చు. దీన్ని మాత్రం ఏ ఫార్వర్డూ చెప్పదు.

టీకా వేసి పంపేటప్పుడు నేను అబ్బాయితోనే నేరుగా చెబుతాను: "వారం రోజుల్లో ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా, గుండె దడదడలాడినా ఇంట్లో చెప్పు. దాచుకుని గ్రౌండుకి వెళ్లకు." అలాంటి లక్షణాలతో వస్తే ఈసీజీ, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష చేయిస్తాం. ఇంత చెప్పాక, వద్దనే తల్లి కూడా కాస్త స్థిమితపడుతుంది. తన భయాన్ని ఎవరూ కొట్టిపారేయలేదు కదా.

అపోహ: ఈ టీకా జన్యువులను మార్చేస్తుంది, రేపు పిల్లలు పుట్టరు.

ఎంఆర్ఎన్ఏ మన డీఎన్ఏ ఉండే కేంద్రకంలోకి వెళ్లదు, కొద్ది రోజుల్లోనే విచ్ఛిన్నమైపోతుంది. సంతానలేమికి దారితీస్తుందనడానికి ఆధారాల్లేవు.

అపోహ: స్కూల్ తప్పనిసరి చేసిందంటే వైద్యపరంగా ఇక చర్చే లేదు.

వేయించుకోవడం మంచిదనడం వేరు, వేయించుకోకపోతే గేటు దగ్గరే ఆపేస్తామనడం వేరు. కాలిఫోర్నియా 2021 అక్టోబరు 1న, అమెరికా రాష్ట్రాల్లో మొట్టమొదటగా, విద్యార్థులకు కొవిడ్ టీకా తప్పనిసరి చేస్తామని ప్రకటించింది. తర్వాత వాయిదా వేసింది, 2023 ఫిబ్రవరిలో పూర్తిగా వదిలేసింది. అది ఒక్కరోజు కూడా అమల్లోకి రాలేదు. మన సుప్రీంకోర్టు 2022 మే 2న, పిల్లల టీకా విధానాన్ని తప్పుపట్టలేదు గానీ, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనలేరని చెప్పింది. మరోవైపు యూరప్ మానవ హక్కుల కోర్టు 2021 ఏప్రిల్‌లో, పిల్లలకు మామూలుగా వేసే టీకాలను చెక్ దేశం తప్పనిసరి చేయడాన్ని సమర్థించింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. టీకా పక్క బిడ్డను కూడా గట్టిగా, చాలాకాలం కాపాడుతుంటే బడికి ఆ నిబంధన పెట్టే హక్కు ఉంటుంది. ఒమిక్రాన్ వచ్చాక కొవిడ్ టీకా వ్యాప్తిని ఆపేది కొద్ది నెలలే, అదీ అంతంతమాత్రమే. అందుకే దాని విషయంలో పిల్లల్ని బడికి దూరం చేయడాన్ని నేను సమర్థించను.

అపోహ: ఒక్కరి సంతకం చాలు, రెండోవారికి చెప్పనక్కర్లేదు.

చట్టం దేశాన్నిబట్టి మారుతుంది. ఇంగ్లండ్‌లో 1985 నాటి గిలిక్ తీర్పు ప్రకారం, విషయం అర్థం చేసుకోగల స్థాయిలో ఉంటే పదహారేళ్లలోపు పిల్లలు తామే సమ్మతి ఇవ్వవచ్చు. విడిపోయిన జంటలైతే కోర్టుకు వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచండి. సూది వేయించుకున్న ఒక పాప చేతిమీది పట్టీని నా ముందే పీకేసి, "ఇది చూస్తే నాన్నకు తెలిసిపోతుంది" అంది. టీకా వల్ల జ్వరం వస్తే ఆ పాప ఎవరితో చెప్పుకోవాలి? రెండోవారు ఒప్పుకోకపోయినా సరే, వేయిస్తున్నామని వారికి ముందే తెలియజేయండి. నాతో ఫోన్లో మాట్లాడించండి.

అపోహ: కొవిడ్ టీకా మీద నమ్మకం పోయింది, ఇక మిగతావీ ఆపేద్దాం.

అన్నిటికంటే నన్ను భయపెడుతున్నది ఇదే. తట్టు ఒకరి నుంచి, రక్షణ లేనివాళ్ల మధ్య, 12 నుంచి 18 మందికి పాకుతుంది. దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి టీకా పడి ఉండాలి. రెండు డోసులు వేస్తే దాదాపు 97 శాతం రక్షణ ఉంటుంది, అదీ జీవితాంతం. అమెరికా కిండర్‌గార్టెన్లలో 2019-20లో 95 శాతం ఉన్న తట్టు టీకా, 2023-24కి 93 కంటే కిందికి పడిపోయింది. 2025లో టెక్సస్‌లో తట్టు చెలరేగినప్పుడు టీకా వేయించుకోని ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు.

కొవిడ్ టీకా మీద మీకున్న అనుమానానికి, తట్టు టీకాకు సంబంధమే లేదు. దశాబ్దాలుగా కోట్లమంది పిల్లలకు వేసిన టీకా అది. కొవిడ్ గురించి మీ ఇద్దరికీ మాట కలవకపోతే కలవనివ్వండి, ఇంకోసారి కూర్చుందాం. వచ్చేటప్పుడు బిడ్డ టీకాల కార్డు మాత్రం తీసుకురండి. అందులో తట్టు టీకా డోసు మిగిలి ఉంటే ఆ రోజే వేసి పంపిస్తాను.