హెర్బేరియానికి పుట్టగొడుగు: లాగకండి, తవ్వండి

హెర్బేరియం అంటే ఎండబెట్టిన నమూనాలను పరిశోధనకు దాచిపెట్టే చోటు. తొలకరి వానలకు చెదపుట్టల మీద లేచే టెర్మిటోమైసిస్ పుట్టగొడుగును కాడ పట్టుకుని లాగితే చేతికొచ్చేది సగమే. చాలా జాతుల్లో వేరులాంటి తోక ఒకటి మట్టిలోపల చెదలు పెంచుకునే బూజుతోట దాకా దిగి ఉంటుంది. గుర్తింపుకి అది కీలకం. జానెడు దూరంలో కత్తి దింపి, మట్టి వదులు చేస్తూ తోక తెగకుండా పైకి తీయాలి. అమానిటా అనే పుట్టగొడుగులకైతే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. కాడ మొదట్లోని సంచి నేలలోనే ఉండిపోతే, విషజాతిని పట్టిచ్చే పెద్ద ఆధారం పోయినట్టే.

తవ్వే ముందే పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. లేతవీ ముదురువీ రెండూ ఏరి, ఒక్కో జాతిని విడిగా కాగితపు పొట్లంలో కట్టండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మపట్టి సాయంత్రానికల్లా కుళ్లడం మొదలవుతుంది.

ఎండాక రంగు, వాసన, జిగురు దాదాపు మిగలవు. అందుకే గొడుగు వెడల్పు, కోస్తే మారే రంగు, చుట్టూ ఉన్న చెట్లు, తేదీ, అక్షాంశ రేఖాంశాలు ఆ రోజే రాసేయాలి. ఈ వివరాలు లేని నమూనా ఎంత చక్కగా ఎండినా పరిశోధనకు పెద్దగా పనికిరాదు.

ముదురు గొడుగు ఒకటి తీసుకుని కాడ కోసేసి, సగం తెల్ల కాగితం మీద, సగం నల్ల కాగితం మీద పడేలా బోర్లించి గిన్నె మూయండి. తెల్లారేసరికి సిద్ధబీజాల (విత్తనాల్లా రాలే సన్నటి పొడి, స్పోర్లు) ముద్ర పడుతుంది. పచ్చికలో మొలిచే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ లేతగా ఉన్నప్పుడు అడుగు రేకులు తెల్లగానే ఉంటాయి, చూడ్డానికి తినే రకంలాగే ఉంటుంది. తింటే వాంతులు, విరేచనాలు. ముదిరిన గొడుగు ముద్ర మాత్రం ఆకుపచ్చగా పడుతుంది. ఆ కాగితాన్నీ మడిచి నమూనాతోనే ఉంచాలి.

ఆరబెట్టడానికి గాలి ఆడే ఎలక్ట్రిక్ డ్రయ్యర్లో 40–45 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. వేడి ఎక్కువైతే పుట్టగొడుగు ఉడికిపోతుంది, డీఎన్ఏ దెబ్బతింటుంది. తక్కువైతే లోపలి పురుగులు తినేస్తాయి, బూజు పడుతుంది. వానాకాలపు ఎండను నమ్ముకోకండి. లావుపాటివాటిని నిలువునా చీల్చండి. సిరాలా కరిగిపోయే రకాలను అన్నిటికంటే ముందు డ్రయ్యర్లో పెట్టాలి. విరిస్తే అప్పడంలా పుటుక్కుమనాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

ఆరిన వెంటనే చెమ్మ పీల్చే సిలికా జెల్‌తో జిప్ కవర్లో వేయండి, లేకపోతే మళ్లీ గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. పురుగు గుడ్లు చావడానికి వారం రోజులు మైనస్ 20 డిగ్రీల్లో ఉంచండి. బయటికి తీశాక కవరు గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు, విప్పితే లోపల నీరు పడుతుంది. చీటీ మీద నమూనా నంబరు పెన్సిలుతో రాసి లోపలే పెట్టాలి, ఫొటోలకూ అదే నంబరు ఇవ్వాలి.

పుణెలోని అజ్రేకర్ హెర్బేరియం లాంటి చోటికి పంపదలిస్తే ముందు వాళ్లకు రాసి అడగండి. నమూనాను చేర్చుకున్నాక వాళ్లిచ్చే ప్రవేశ సంఖ్యను నోటుబుక్కులో మీ నంబరు పక్కనే రాసుకోండి.