లెక్కల డిగ్రీకి విలువ కట్టే లెక్క

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి, ఇంజనీరింగ్ వద్దనుకుని బీఎస్సీ వైపు చూస్తున్న మీకు ఇంట్లో ఎదురయ్యే మొదటి మాట "దాంతో ఏమొస్తుంది?" అన్నదే. ఫీజు కట్టేవాళ్లు ఆ మాట అడగాల్సిందే. జవాబు మాత్రం "లెక్కలు వస్తే ఎక్కడైనా బతకొచ్చు" అన్నట్టు కాకుండా, రూపాయల్లో ఉండాలి.

ముందుగా ఉన్నమాట చెబుతాను. ఒట్టి బీఎస్సీ పట్టాకు బజారులో పెద్ద ధర పలకదు. ఆ పట్టాతో ఏయే పరీక్షలకు అర్హత వస్తుంది, మీ చేతికి ఏ పని వచ్చు అన్న రెండింటి మీదే దాని విలువ ఆధారపడుతుంది. మొదటిది చాలావరకు డిగ్రీలో చేరే రోజునే తేలిపోతుంది. అదే చాలామందికి తెలియదు.

యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షనే చూడండి. 21 నుంచి 30 ఏళ్ల వయసువాళ్లు రాయొచ్చు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. ఎంపికైతే గ్రూప్-ఎ ఉద్యోగం. ఏడో వేతన సంఘం లెక్కన పదో లెవెల్, మూలవేతనం 56,100 రూపాయలు, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ అదనం. రాతపరీక్ష 1,000 మార్కులకు, ఇంటర్వ్యూ 200కు. ఆ వెయ్యిలో 800 స్టాటిస్టిక్స్ పేపర్లవే. కానీ డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా అందులో పీజీ చేసి ఉండాలి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో డిగ్రీ చేసి నూటికి తొంభై తెచ్చుకున్నా, ఆ పట్టాతో ఈ పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు.

డిగ్రీ చదివినవాళ్లకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్షలో కూడా ఇలాంటి మెలికే ఉంది. జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకు (ఆరో లెవెల్, మూలవేతనం 35,400) ఏదైనా డిగ్రీతోపాటు ఇంటర్ లెక్కల్లో 60 శాతం ఉన్నా చాలు, డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉన్నా చాలు. స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ పోస్టుకు మాత్రం మూడేళ్లూ, అంటే ఆరు సెమిస్టర్లలోనూ స్టాటిస్టిక్స్ చదివి ఉండాలి. ఒక్క సెమిస్టర్‌లో వదిలేసినా సర్టిఫికెట్ల పరిశీలనలో పక్కన పెడతారు. అందుకే తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల ద్వారా చేరేవాళ్లు మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ కాంబినేషన్‌కు మొదటి ఆప్షన్ ఇవ్వమని నా సలహా. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. మీరు చేరేటప్పుడు ఆ పద్ధతే ఉండి, మేజర్ గణితమైతే మైనర్ స్టాటిస్టిక్స్ తీసుకోండి. అది ఎన్ని సెమిస్టర్లు ఉంటుందో, మార్కుల మెమోలో సబ్జెక్టు పేరు ఎలా పడుతుందో చేరకముందే అడగండి. ఫీజులో పెద్ద తేడా ఉండదు, అర్హతల్లో మాత్రం చాలా తేడా ఉంటుంది.

లెక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తప్పక తెలుసుకోవాలి. దాన్ని గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించారు. మన తెలుగు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఎ. చేసి 1941లో అక్కడికే వెళ్లారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు. అక్కడి బీస్టాట్, బీమ్యాథ్ డిగ్రీ కోర్సులకు ఇప్పటిదాకా ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలకు 5,000 స్టైపెండు ఇస్తూ వచ్చారు. మార్కులు పడిపోతే స్టైపెండు ఆగుతుంది. నియమాలు మారొచ్చు కాబట్టి ఈ ఏడాది ప్రాస్పెక్టస్ చూసుకోండి. ప్రవేశ పరీక్షలో ఒక పూట బిట్లు, ఇంకో పూట ఎనిమిది లెక్కలు పూర్తిగా రాసి నిరూపించాలి. ఈఏపీసెట్ కోసం నిమిషానికో బిట్టు కొట్టడం అలవాటైన మన పిల్లలు ఆ రెండో పూటే దెబ్బతింటున్నారు. జవాబు తెలిసినా, అది ఎందుకు నిజమో వరసగా రాయడం ఎప్పుడూ సాధన చేయకపోవడమే కారణం. రోజుకు ఒక్క నిరూపణ కాగితం మీద మొదటి నుంచి చివరిదాకా రాసినా ఆ లోటు తీరుతుంది.

ఇక పీజీ సంగతి. ఎమ్మెస్సీ చేయాలా, వెంటనే ఉద్యోగంలో చేరాలా? ఇది ఊహతో తేల్చే విషయం కాదు, కాగితం మీద వేసి చూడాలి. కింది అంకెలు నేను ఉదాహరణకు అనుకున్నవి, మీవి మీరు పెట్టుకోండి. బీఎస్సీతో నెలకు 22,000 వస్తుందనుకుందాం. ఎమ్మెస్సీ తర్వాత 40,000. ఎమ్మెస్సీకి ఫీజు, పుస్తకాలు, పరీక్షలు కలిపి ఏడాదికి 60,000. అసలు ఖర్చు అది కాదు, ఆ ఏడాది వదులుకునే జీతం 2,64,000. రెండేళ్లకు మొత్తం 6,48,000. తిండి ఖర్చు ఇందులో కలపకూడదు, ఉద్యోగం చేసినా తింటారు కదా. హాస్టల్ వల్ల అదనంగా అయ్యేది ఉంటే అంతవరకే కలపాలి. లాభం నెలకు 18,000, ఏడాదికి 2,16,000. భాగిస్తే సరిగ్గా మూడేళ్లలో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది.

ఇక్కడితో ఆపితే లెక్క తప్పు. ఇవాళ పెట్టే రూపాయి, నాలుగేళ్ల తర్వాత వచ్చే రూపాయి ఒకటి కావు. ఏడాదికి 8 శాతం వడ్డీ చొప్పున లెక్కగడితే మూడేళ్లు కాస్తా మూడేళ్ల తొమ్మిది నెలలవుతుంది. ఇంకో సంగతి, 40,000 ఉద్యోగం అందరికీ రాదు. వచ్చే అవకాశం 60 శాతమనీ, రాకపోతే 26,000తో సరిపెట్టుకోవాలనీ అనుకుందాం. అప్పుడు సగటు లాభం నెలకు 18,000 కాదు, 12,400. అదే 8 శాతం లెక్కన పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి దాదాపు అయిదేళ్ల పది నెలలు పడుతుంది. అయినా లాభమే, పని చేసే ఏళ్లు ఇంకా ముప్పై ఉంటాయి. కానీ ఫీజు ఏడాదికి 60,000 బదులు మూడు లక్షలైతే ఏమవుతుందో ఇదే పద్ధతిలో మీరే వేసి చూడండి. డేటా సైన్స్ అని పేరు పెట్టిన ఖరీదైన కోర్సుల్లో చేరేముందు ఆ పని తప్పకుండా చేయాలి. జాయింట్ అడ్మిషన్ టెస్ట్, అంటే జామ్ రాసి ఐఐటీలో చేరే దారి ఉండనే ఉంది. మ్యాథమెటిక్స్‌కు, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్‌కు విడివిడిగా పేపర్లుంటాయి. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే 2023 నుంచి నెలకు 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ.

కాలేజీల ప్రకటనల్లో "సగటు ప్యాకేజీ" చూసి మోసపోకండి. పదిమందిలో ఏడుగురికి 20,000, ఇద్దరికి 30,000, ఒకరికి రెండు లక్షలు వచ్చాయనుకోండి. సగటు 40,000 అవుతుంది, ఆ జీతం మాత్రం ఒక్కరికీ లేదు. మధ్యగతం, అంటే జీతాలను వరసగా పేరిస్తే మధ్యలో వచ్చేది, 20,000. దీన్ని మించిన చిక్కు హారంలో ఉంది. ఉద్యోగం రానివాళ్లను లెక్కలో నుంచి తీసేసి సగటు కడతారు. కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యగత జీతం ఎంత అని అడగండి. ఈ మూడూ చెప్పలేని కాలేజీ మాట నమ్మనక్కర్లేదు.

ప్రైవేటు ఉద్యోగాల్లో చేతిపని చూస్తారు. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పనిచేసే సంస్థలు స్టాటిస్టిక్స్ చదివినవాళ్లను తీసుకుంటాయి. అక్కడ శాస్ (SAS) అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాయాలి. రోగుల వివరాలను ముందు ఎస్‌డీటీఎం, తర్వాత ఆడమ్ అనే ప్రమాణ రూపాల్లోకి మార్చి, వాటి నుంచి పట్టికలు తీయాలి. మిగతాచోట్ల ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పైథాన్ లేదా ఆర్ కావాలి. ఇంటర్వ్యూలో తరచూ తడబడే చోటు ఒకటి చెబుతాను. కస్టమర్ల పట్టికను ఆర్డర్ల పట్టికతో లెఫ్ట్ జాయిన్ చేస్తే, అంటే కస్టమర్ల వరసలన్నీ ఉంచి వాటి పక్కన వాళ్ల ఆర్డర్లు కలిపితే, ఒక కస్టమర్‌కు మూడు ఆర్డర్లుంటే ఆ కస్టమర్ వరస మూడుసార్లు వస్తుంది. అప్పుడు కస్టమర్ల పట్టికలోని బకాయి మొత్తం కూడితే మూడింతలు పడుతుంది. ప్రోగ్రాం ఏ తప్పూ చూపించదు, అంకె మాత్రం తప్పు. జాయిన్‌కు ముందూ తర్వాతా వరసలు లెక్కపెట్టి చూసే అలవాటున్నవాళ్లకే ఆ ఉద్యోగం దక్కుతుంది.

బీమా లెక్కల వైపు, అంటే యాక్చురీ అవుదామనుకునేవాళ్లు ఇంటర్ తర్వాతే ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు. పేపర్లు పది పైనే, ఏళ్ల తరబడి ఉద్యోగం చేసుకుంటూ పాసవ్వాలి. జీతం పేపర్లతోపాటు పెరుగుతుంది, మధ్యలో మానేసేవాళ్లూ ఎక్కువే. టీచరు ఉద్యోగానికి బీఎడ్ రెండేళ్లు, పైన టెట్ అనే అర్హత పరీక్ష. కేంద్రీయ విద్యాలయంలో లెక్కల టీజీటీకి, అంటే డిగ్రీ అర్హతతో చేరే టీచరుకు, మూలవేతనం 44,900, దానికీ డిగ్రీలో లెక్కలు అన్నేళ్లూ ఉండాలి.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి ఆ కాలేజీకి వెళ్లిరండి. నిరుడు స్టాటిస్టిక్స్ కాంబినేషన్ నిజంగా నడిచిందా, ఎంతమంది చేరారో అడగండి. పిల్లలు తక్కువైతే కాంబినేషన్ ఎత్తేసి వేరే గ్రూపులోకి పంపిస్తారు. స్టాటిస్టిక్స్‌కు రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, గెస్ట్‌లతో నెట్టుకొస్తున్నారా, ల్యాబ్‌లో పిల్లలు వారానికి ఎన్ని గంటలు కూర్చుంటున్నారో రెండో ఏడాది విద్యార్థులను అడిగితే నిజం చెబుతారు.

ఇట్లు,
మీ మేలుకోరే మాస్టారు