ఒంటిగంటకి తినే డబ్బాని పొద్దున ఏడింటికి వండుతున్నాం

మే నెలలో ఒకరోజు రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేయించి డబ్బాలో పెట్టుకెళ్ళాను. ఆ అన్నం రాత్రంతా కుక్కర్లోనే, స్టవ్ గట్టు మీదే ఉంది. ఒంటిగంటకి తిన్నాను, వాసన బానే ఉంది రుచి బానే ఉంది, పైగా ఆఫీసులో మైక్రోవేవ్‌లో పొగలొచ్చేదాకా వేడి కూడా చేశాను. మూడున్నరకల్లా వాంతులు మొదలయ్యాయి. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి విషయం విని అడిగిన మొదటి మాట, "అన్నం ఎప్పటిది రా?" అని.

సరిగ్గా అక్కడే ఉంది సంగతంతా. బియ్యంలో బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది, మట్టిలోంచి పొలంలోంచి వస్తుంది. వండితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది కానీ దాని స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే గింజల్లాంటివి, ఉడికినా చావవు. అన్నం చల్లారుతూ గోరువెచ్చగా అయ్యేసరికి అవి మేలుకుని పెరగడం మొదలుపెడతాయి. వాతావరణం అనుకూలంగా ఉంటే అరగంటకోసారి రెట్టింపు అవుతాయి, లెక్కేసుకోండి, ఐదు గంటల్లో పదిసార్లు రెట్టింపు అంటే ఒకటి వెయ్యి దాటిపోతుంది. పెరుగుతూ పెరుగుతూ ఒక విషం వదులుతుంది, దాని పేరు సెర్యులైడ్, అది వేడికి లొంగదు, 121 డిగ్రీల్లో కూడా తట్టుకుంటుంది. అందుకే నేను పొద్దున వేయించినా, మధ్యాహ్నం మైక్రోవేవ్‌లో పెట్టినా లాభం లేకపోయింది. వాసన కూడా రాదు కాబట్టి ముక్కుని నమ్ముకుంటే సరిపోదు.

మరి మన తాతలు చద్దన్నం తిని పొలానికి వెళ్ళారు కదా, వాళ్ళకేం కాలేదే అని ఎవరైనా అడుగుతారు, నేనూ అడిగాను. తేడా పులుపులో ఉంది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి కాస్త మజ్జిగ చుక్క వేసి కుండలో పెట్టేవాళ్ళు, గోదావరి జిల్లాల్లో తరవాణి కుండ అయితే పుల్లటి నీళ్ళు ఎప్పుడూ దాన్లో ఉండనే ఉండేవి. ఆ మజ్జిగలోని లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా ముందే చోటు ఆక్రమించి అన్నాన్ని పుల్లబరుస్తుంది, పీహెచ్ అంటే పులుపుకి కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట, అది సుమారు 4.5 కిందకి దిగితే మన బాసిల్లస్ ఇక పెరగదు. అదే అన్నం, అదే రాత్రి, కానీ ఒకటి పులిసింది ఇంకొకటి ఊరికే గట్టు మీద పడి ఉంది.

అప్పట్నుంచీ నేను డబ్బా గురించి ఒకటే ఆలోచిస్తున్నాను, మనం వంట ఏడింటికి చేస్తాం, రుచి ఏడింటికి చూస్తాం, కానీ తినేది ఒంటిగంటకి. మధ్యలో ఆరు గంటలు ఆ డబ్బా బైక్ మీద, బస్సులో, డెస్క్ కింద గడుపుతుంది. ఆ ఆరు గంటలూ నిలిచేలా వండాలి.

దీనికి పెరుగన్నం అంత చక్కటి ఉదాహరణ ఇంకోటి లేదు. మా అమ్మ పెరుగన్నంలో పెరుగు కలపదు, పాలు పోస్తుంది. అన్నం కాస్త మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదిపి, కాచి చల్లార్చిన పాలు గ్లాసుడు పోసి, చిటికెన వేలు పెట్టి చూస్తుంది. వేలికి గోరువెచ్చగా తగిలితేనే ఒక చెంచా పెరుగు తోడు వేస్తుంది, చురుక్కుమంటే ఆగుతుంది, ఎందుకంటే మరీ వేడిలో వేస్తే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పైన ఆవాలు, అల్లం, కరివేపాకు తాలింపు. మూత పెట్టి బ్యాగులో పెట్టేస్తే డబ్బా ప్రయాణం చేస్తున్నంతసేపూ లోపల పాలు తోడుకుంటూ ఉంటాయి, ఒంటిగంటకి మూత తీస్తే కమ్మగా, పులుపెక్కకుండా ఉంటుంది. పొద్దున్నే పెరుగు కలిపి పెట్టుకెళ్తే మధ్యాహ్నానికి పుల్లగా, నీరోడుతూ ఎందుకుంటుందో అప్పుడర్థమైంది, దాని పని అప్పటికే అయిపోయి ఇంకా ముందుకు పోతోంది. చలికాలంలో మాత్రం తోడు ఇంకో చెంచా ఎక్కువ వెయ్యాలి. గ్లాసుడు పాలలో ఆరేడు గ్రాముల ప్రొటీన్ కూడా వస్తుంది.

పులిహోరదీ అదే కథ, రైలు ప్రయాణానికి మన వాళ్ళు పులిహోర, పెరుగన్నమే ఎందుకు కట్టుకెళ్ళేవాళ్ళో ఆలోచిస్తే ముచ్చటేస్తుంది. చింతపండులో ఉండే టార్టారిక్ యాసిడ్, ఉప్పు, ప్రతి మెతుక్కీ పట్టిన నూనె, ఈ మూడూ కలిసి కాపలా కాస్తాయి. కానీ ఈ మధ్య పులుపు తగ్గించి, చింతపండు రసం పైపైన కలిపి రంగుకి పసుపు వేసి చేసేస్తున్నారు, అలాంటి పులిహోరకి ఆ రక్షణ ఉండదు, పులుపు ప్రతి మెతుక్కీ పట్టాలి. ఇంకో మాట, పులిహోర స్టీలు డబ్బాలోనే పెట్టండి, అల్యూమినియం గిన్నెని పులుపు తినేస్తుంది.

కూరల విషయంలోనూ ఇంతే. ఇగురు అనే మాటలోనే సైన్స్ ఉంది, నీళ్ళు ఇగిరిపోవాలి. తడి తక్కువైతే బ్యాక్టీరియాకి బతుకుతెరువు తక్కువ. దొండకాయ వేపుడు, బెండకాయ వేపుడు, వంకాయ కారం, తోటకూర ఇగురు డబ్బాకి మంచివి. ఎండాకాలంలో కొబ్బరి చట్నీ, పాలు పోసి వండిన కూరలు మాత్రం డబ్బాలో పెట్టకండి, వాటికి ఆరు గంటలు చాలా ఎక్కువ. అలాగే పొగలు కక్కే అన్నం మీద వెంటనే మూత బిగించొద్దు, ఆవిరి మూతకి తగిలి నీళ్ళై మళ్ళీ అన్నం మీదే కారుతుంది, పళ్ళెంలో పరిచి ఫ్యాన్ కింద పది నిమిషాలు పెట్టి అప్పుడు డబ్బాకెత్తితే ఆ బాధ ఉండదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి బ్యాక్టీరియాకి ఇష్టం, అందులో మళ్ళీ గోరువెచ్చదనం మరీ ఇష్టం, కాబట్టి ఆ గోరువెచ్చటి దశ ఎంత తొందరగా దాటితే అంత మంచిది. రాత్రి అన్నమే వాడాలంటే, వండిన గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టేసిందైతే వాడండి.

ఇంక తిన్నాక సంగతి. ఒకరోజు నా డబ్బాని కిచెన్ కాటా మీద పెట్టి చూశాను. అన్నం 420 గ్రాములు, కూర 70 గ్రాములు ఉన్నాయి. ఆ అన్నానికి పచ్చి బియ్యం సుమారు 140 గ్రాములు అవుతాయి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 కేలరీలు తినేవాళ్ళకి రోజు మొత్తానికీ ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అని ఉంది. అంటే నేను ఒక్క పూటలోనే సగం పైగా ధాన్యం లాగించేస్తున్నా, కూర మాత్రం నంజుకోడానికే. రెండింటికల్లా కళ్ళు మూతలు పడ్డాయంటే పడవా మరి, మధ్యాహ్నం అయ్యేసరికి ఒంటికి సహజంగానే కాస్త మగత వస్తుంది, దానికి తోడు అంత అన్నంతో రక్తంలో చక్కెర పెరిగి తగ్గితే ఇంకేముంది.

ఖర్చు లేకుండా చేసిన మార్పు ఒకటే. క్యారేజీలో పెద్ద గిన్నెలో కూర, చిన్న గిన్నెలో అన్నం పెట్టడం మొదలుపెట్టాను. మొదటి వారం ఆకలేసింది, నిజం. మూడో గిన్నెలో ముద్దపప్పో, ఉడికించిన గుడ్డో పెట్టుకున్నాక ఆగింది. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది బాగా ఉంటుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది, పప్పన్నం ఒకదాని లోటు ఇంకోటి తీర్చుకునే జోడీ. గుడ్డుకి ఆరు గ్రాముల ప్రొటీన్, ఏడెనిమిది రూపాయలు. కర్రీ పాయింట్‌లో ముప్పై నలభై పెట్టి కొనే కూర ప్యాకెట్‌లో నూనె తేలుతూ ముక్కలు నాలుగే ఉంటాయి, ఆ డబ్బుతో ఇంట్లో రెండు పూటల కూరగాయలొస్తాయి.

డబ్బాలో నిమ్మచెక్క ఒకటి విడిగా పెట్టుకోండి, ఇది చాలా ముఖ్యం. ఆకుకూరలోనూ పప్పులోనూ ఉండే ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు, విటమిన్ సి తోడుంటే బాగా పడుతుంది, కానీ విటమిన్ సి వేడికి పోతుంది, అందుకే పొద్దున్నే పొయ్యి మీద కాకుండా ఒంటిగంటకి తినేముందు పిండుకోవాలి. దీనికి సరిగ్గా వ్యతిరేకం మన భోజనం అవ్వగానే తాగే టీ, దాన్లోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముని ఒంటికి అందకుండా పట్టేసుకుంటాయి. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీ వద్దని ఆ 2024 సూచనల్లోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు, ఇంట్లో అందరి డబ్బాలూ కట్టి తన డబ్బాలో అడుగున మిగిలింది పెట్టుకుని వెళ్ళే ఆవిడని తలుచుకుంటే నాకు ఈ నిమ్మచెక్క చిన్న విషయంలా అనిపించదు.

సాయంత్రం ఐదింటి ఆకలికి పల్లీలు, పుట్నాలు. గుప్పెడు, అంటే 30 గ్రాముల పల్లీల్లో ఏడు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పుట్నాల్లో ఆరు, ఖర్చు ఐదారు రూపాయలు, పొడిగా ఉంటాయి కాబట్టి డెస్క్ డ్రాయర్లో వారమైనా ఉంటాయి. గుగ్గిళ్ళు ఇంకా మంచివే కానీ తడి ఉంటుంది, ఎండాకాలంలో ఐదింటిదాకా ఆగవు, నిమ్మకాయ పిండుకుని పదకొండింటికే తినేయండి. పల్లీల్లో ఒక్క జాగ్రత్త, ముడతలు పడ్డవీ, నల్లబడ్డవీ, బూజు వాసనొచ్చేవీ ఏరి పారేయండి, చేదుగా తగిలితే మింగకుండా ఉమ్మేయండి. వాటిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు వదిలే అఫ్లటాక్సిన్ ఉండొచ్చు, అది కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. పండు అంటారా, యాపిల్ కొనక్కర్లేదు, జామకాయ చాలు, బత్తాయి కంటే దాన్లో విటమిన్ సి ఎన్నో రెట్లు ఎక్కువ.

రేపటికి మా ఇంట్లో దొండకాయలు తరిగి పెట్టాను, పెద్ద గిన్నె వాటికి, చిన్న గిన్నెలో పాలు పోసిన అన్నం, పక్కన గుడ్డు, కాగితంలో చుట్టిన నిమ్మచెక్క. పొద్దున తోడు వేసేముందు వేలు పెట్టి చూడాలి.